మోడ్ చేసిన డార్ట్ బ్లాస్టర్‌కి ఏ రీఛార్జబుల్ బ్యాటరీ సేఫ్?

వాసు_ఫ్లైవీల్

అందరికీ నమస్కారం. నా దగ్గర నెర్ఫ్ స్ట్రైఫ్ ఉంది, బ్యాటరీతో నురుగు డార్ట్‌లు వదిలే బొమ్మ తుపాకీ. ఈమధ్యే మోటార్లు మార్చాను. కొత్త మోటార్లు 2ఎస్ బ్యాటరీ (సిరీస్‌లో రెండు లిథియం సెల్స్) కోసం చేసినవట, స్టాల్ కరెంట్ ఒక్కోదానికి 20 ఆంపియర్లని అమ్మిన పేజీలో రాశారు. లోపలి వైర్లు, స్విచ్ మాత్రం కంపెనీ ఇచ్చినవే.

ఇప్పుడు నాలుగు డబుల్ ఏ ఆల్కలైన్ సెల్స్‌తో నడుపుతున్నా. ట్రిగ్గర్ నొక్కాక డార్ట్‌ని విసిరే వీల్స్ స్పీడ్ అందుకోవడానికి చాలాసేపు పడుతోంది. వరసగా నాలుగైదు డార్ట్‌లు వదిలితే చివరివి కాస్త దూరంలోనే పడిపోతున్నాయి. పాత మోటార్లతోనే బాగుండేదనిపిస్తోంది.

రీఛార్జబుల్‌కి మారదామంటే ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. డబుల్ ఏ సైజులో ఉండే లిథియం సెల్స్ పెట్టమని ఒకరు, లైపో (లిథియం పాలిమర్) తప్ప ఇంకేదీ పనికిరాదని ఇంకొకరు. లైపో అనగానే కాలిపోతున్న వీడియోలు గుర్తొస్తున్నాయి. మా అబ్బాయికి పదకొండేళ్లు, వాడూ ఇదే బ్లాస్టర్‌తో ఆడతాడు. అసలు టెన్షన్ అదే. ఏం కొనాలో, ఏం కొనకూడదో తెలిసినవాళ్లు చెప్పండి.

---

మెరుపుడార్ట్

వాసు గారూ, అంత ఆలోచించాల్సిన పని లేదు. 14500 సెల్స్ (డబుల్ ఏ సైజు లిథియం సెల్స్) రెండు, ఖాళీ చోటు నింపి కరెంట్‌ని దాటించే డమ్మీ సెల్స్ రెండు తీసుకోండి. ఉన్న బ్యాటరీ ట్రేలోనే కూర్చుంటాయి. సోల్డరింగ్ లేదు, కటింగ్ లేదు. ఒక్కోటి 3.7 వోల్టులు, రెండు కలిపితే 7.4. మీ మోటార్లకి కావాల్సిందే. నేను చాలాకాలంగా ఇలాగే వాడుతున్నా, ఏ ఇబ్బందీ రాలేదు.

---

గగనవిహారి

వాసు గారూ, ఒక్క నిమిషం ఆగండి, అవి మాత్రం ఆర్డర్ పెట్టకండి. కారణాలు వివరంగా రాస్తాను. అంతలో రాగితీగ అన్నని కరెంట్ లెక్క చెప్పమనండి. అది తెలియకుండా ఏ బ్యాటరీ గురించి మాట్లాడినా ఉపయోగం లేదు.

---

రాగితీగ

సరే, లెక్క నేను చెబుతాను. కాస్త పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

అందరూ ముందు వోల్టేజీ అడుగుతారు. అడగాల్సింది ఆంపియర్లు. మోటార్ ఆగి ఉన్న స్థితి నుంచి కదలడం మొదలుపెట్టిన క్షణంలో లాగే కరెంటే స్టాల్ కరెంట్. వీల్ స్పీడ్ అందుకున్నాక అది బాగా తగ్గిపోతుంది. డార్ట్ వీల్స్ మధ్య నలిగి వెళ్లేటప్పుడు మళ్లీ పెరుగుతుంది. మీ మోటార్లు ఒక్కోటి 20 చొప్పున రెండూ కలిపి 40 ఆంపియర్లు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ మీ బ్యాటరీ, వైరు, స్విచ్, కనెక్టర్ అన్నీ ఆ 40ని మోయాలి. అర సెకనుకి అటూఇటూ కావచ్చు, అయినా మోయాలి.

ఇప్పుడు మీ ఆల్కలైన్ సెల్స్ సంగతి. కొత్త డబుల్ ఏ ఆల్కలైన్ సెల్ లోపలి రెసిస్టెన్స్ సుమారు 0.15 ఓమ్ ఉంటుంది. నాలుగు సెల్స్ సిరీస్‌లో ఉంటే 0.6 ఓమ్. 5 ఆంపియర్లు లాగితే చాలు, 6 వోల్టుల్లో 3 వోల్టులు సెల్స్ లోపలే వేడిగా పోతాయి. మోటార్‌కి చేరేది మిగతా 3 వోల్టులు. 40 ఆంపియర్ల ఆకలున్న రెండు మోటార్లకి 5 కూడా సరిగ్గా అందడం లేదన్నమాట. మీ చివరి డార్ట్‌లు దగ్గర్లోనే పడుతున్నది అందుకే. మోటార్ల తప్పేం లేదు.

అదే సైజు మంచి ఎన్ఐఎంహెచ్ (నికెల్ మెటల్ హైడ్రైడ్) రీఛార్జబుల్ సెల్ లోపలి రెసిస్టెన్స్ 0.025 ఓమ్ చుట్టుపక్కల ఉంటుంది. నాలుగింటికి 0.1. అదే 5 ఆంపియర్లకి పోయేది అర వోల్టే. అందుకే మీద 1.2 వోల్టులని రాసి ఉన్న ఎన్ఐఎంహెచ్ సెల్, 1.5 అని రాసి ఉన్న ఆల్కలైన్ కంటే బ్లాస్టర్‌లో చురుగ్గా పనిచేస్తుంది. అది చూసి చాలామంది ఆశ్చర్యపోతారు.

లైపో మీద 35సి, 50సి అని రాసి ఉంటుంది. ఆ అంకెని ఆంపియర్ అవర్లలో ఉన్న సామర్థ్యంతో గుణిస్తే ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో వస్తుంది. 1300 ఎంఏహెచ్, 35సి ప్యాక్ అంటే 1.3 ఇంటూ 35, అంటే 45.5 ఆంపియర్లు. మీ 40కి సరిపోతుంది. 850 ఎంఏహెచ్, 20సి ప్యాక్ అయితే 17 ఆంపియర్లే, చాలదు. పైగా మీద రాసే సి రేటింగ్‌ని చాలామంది తయారీదారులు పెంచి రాస్తారు. లెక్కకి సరిగ్గా సరిపోయేది కాకుండా కొంచెం ఎక్కువది తీసుకోండి.

ఇంకో మాట. లోపల ఉన్న వైర్లూ స్విచ్చూ పాతవే అన్నారు కదా. బ్యాటరీ సంగతి తేలాక దాని దగ్గరికి వస్తాను. అది మార్చకుండా పెద్ద బ్యాటరీ పెడితే నేను ఒప్పుకోను.

---

గగనవిహారి

నేను రిమోట్ విమానాలు ఎగరేస్తాను. లైపోలతో రోజూ పని. బ్లాస్టర్లలోకి తర్వాత వచ్చాను. 14500 గురించి నాకున్న అభ్యంతరాలు ఇవీ.

14500 అంటే 14 మిల్లీమీటర్ల వ్యాసం, 50 మిల్లీమీటర్ల పొడవు. డబుల్ ఏ కొలతే. అంత చిన్న డబ్బాలో నిజాయితీగా పట్టే సామర్థ్యం సుమారు వెయ్యి ఎంఏహెచ్ లోపే. 2300 అని రాసి అమ్మే సెల్ కనిపిస్తే పక్కన పెట్టేయండి. సామర్థ్యం దగ్గరే అబద్ధం రాసినవాడు ఆంపియర్ల దగ్గర నిజం రాస్తాడని నమ్మలేం. ఈ సైజులో మంచి సెల్ కూడా నిలకడగా ఇవ్వగలిగింది చాలా తక్కువ ఆంపియర్లు. దాన్ని 40 అడుగుతున్నాం. అడిగినంత ఇవ్వలేక లోపల వేడెక్కుతుంది, ఆ వేడికి ఆయుష్షు తగ్గుతుంది, తగ్గినకొద్దీ ఇంకా వేడెక్కుతుంది.

దీనికంటే నన్ను భయపెట్టేది ఆ కొలత. చూడ్డానికి మామూలు సెల్‌లాగే ఉంటుంది కాబట్టి ఎవరైనా పొరబడతారు. మీరు లేనప్పుడు ఎవరో డమ్మీలు తీసేసి నాలుగూ 14500 సెల్సే పెట్టారనుకోండి, ఫుల్ ఛార్జ్ మీద 16.8 వోల్టులు 2ఎస్ మోటార్ల మీద పడతాయి. ఒకటి 14500, పక్కన ఒక ఆల్కలైన్ కలిసిపోతే ఖాళీ అయిన సెల్ మీద మిగతావి తిరగబడతాయి. అన్నిటికంటే ఘోరం, ఇంట్లో ఉన్న మామూలు డబుల్ ఏ ఛార్జర్‌లో ఈ సెల్ కూడా చక్కగా పడుతుంది. ఆ ఛార్జర్‌కి 4.2 వోల్టుల దగ్గర ఆగాలని తెలియదు. పదకొండేళ్ల పిల్లాడున్న ఇంట్లో ఇది జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ట్రేలో ఉండే ఆ సన్నని స్ప్రింగుల్ని కూడా ఒకసారి చూడండి. అవి బొమ్మకి సరిపడా కరెంట్ కోసం పెట్టినవి. ఎక్కువ కరెంట్ వెళ్తే స్ప్రింగే వేడెక్కి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మెత్తబడుతుంది.

---

మెరుపుడార్ట్

అన్నా, మీరు చెప్పిన పొరపాటు ప్రమాదం ఒప్పుకుంటా. కానీ ఒకటి అడుగుతా. 14500కి గట్టి స్టీల్ డబ్బా ఉంది. లైపో అంటే రేకు సంచి, గోరుతో గట్టిగా నొక్కితే గుంట పడుతుంది. దీన్ని వదిలేసి దాన్ని సేఫ్ అనడం ఎలా? పైగా ప్రొటెక్షన్ సర్క్యూట్ ఉన్న 14500లు దొరుకుతాయి. లైపోకి అదీ ఉండదు.

---

గగనవిహారి

మంచి ప్రశ్న. లైపో సంచి బలహీనమైనదే, అందులో వాదన లేదు. దెబ్బ తగలకుండా చూసుకోవాల్సిన బాధ్యత పూర్తిగా మనదే. కానీ సేఫ్ అన్నది డబ్బాని బట్టి తేలేది కాదు, దాని నుంచి మనం ఎంత లాగుతున్నామన్నదాన్ని బట్టి తేలేది. 45 ఆంపియర్లు ఇవ్వగల ప్యాక్ నుంచి 40 తీసుకుంటే అది తన పని తాను చేసుకుంటుంది, పట్టుకుంటే కొద్దిగా గోరువెచ్చగా ఉంటుంది. ఐదారు ఇవ్వగల సెల్ నుంచి 40 గుంజితే ఏ డబ్బా ఉన్నా అది హద్దు దాటి పనిచేస్తున్నట్టే.

ప్రొటెక్షన్ సర్క్యూట్ సంగతి ఇదీ. ట్రిగ్గర్ నొక్కగానే వచ్చే ఆ మొదటి కరెంట్‌ని సర్క్యూట్ షార్ట్ అనుకుని కట్ చేసేస్తుంది. బ్లాస్టర్ పనిచేయదు. అప్పుడు అందరూ చేసేదేంటి? ప్రొటెక్షన్ లేని సెల్స్‌కి మారతారు. అంటే రక్షణ అవసరమైన చోటే అది పోతుంది. పైగా ఆ సర్క్యూట్ వల్ల సెల్ పొడవు పెరుగుతుంది, చాలా ట్రేల్లో బలవంతంగా తోయాల్సి వస్తుంది.

---

అమ్మూస్‌డార్ట్స్

నేను ఇద్దరు పిల్లల తల్లిని. ఇంట్లో మోడ్ చేసిన బ్లాస్టర్లు మూడున్నాయి. పై చర్చంతా పెద్దవాళ్ల చేతుల్లో ఉండే బ్లాస్టర్ గురించే నడుస్తోంది. వాసు గారు అడిగింది పిల్లాడి సంగతి కూడా కదా.

పిల్లల చేతికిచ్చేదానికి నా ఓటు ఎన్ఐఎంహెచ్‌కే. కిందపడేసినా, ఖాళీ అయ్యేదాకా ఆడినా, రాత్రంతా అలాగే వదిలేసినా ప్యాక్ పాడవుతుందేమో గానీ మంట రాదు. లైపోని ఒక్కసారి మర్చిపోయి సెల్‌కి 3 వోల్టుల కిందికి దింపితే అది దెబ్బతిన్నట్టే, దాన్ని మళ్లీ ఛార్జింగ్ పెట్టడమే ప్రమాదం. పిల్లలు ఆట మధ్యలో వోల్టేజీ చూసుకోరు. చూడమని వాళ్ల మీద పెట్టడం కూడా న్యాయం కాదు.

నెర్ఫ్ వాళ్లు రైవల్ నెమెసిస్‌కి ఆరు డి సెల్స్ గానీ, వాళ్లే అమ్మే ఎన్ఐఎంహెచ్ ప్యాక్ గానీ వాడమన్నారు. పిల్లల బొమ్మ అనేసరికి తయారుచేసినవాళ్లే లైపో వైపు వెళ్లలేదు. ఆ ఒక్క విషయం నాకు చాలు.

---

వాసు_ఫ్లైవీల్

అందరికీ చాలా థ్యాంక్స్. 14500 ఆలోచన పూర్తిగా మానేశాను.

అమ్మూస్ గారూ, ఎన్ఐఎంహెచ్ అంటే డబుల్ ఏ సైజువి నాలుగు ట్రేలోనే పెట్టాలా, లేక ప్యాక్‌గా వచ్చేది తీసుకోవాలా? నాలుగు అంటే 4.8 వోల్టులే కదా. 2ఎస్ మోటార్లకి చాలుతుందా?

---

అమ్మూస్‌డార్ట్స్

నాలుగు చాలవు. తిరుగుతాయి గానీ మోటార్లు మార్చిన సంతోషం ఉండదు. ఆరు సెల్స్ ప్యాక్ తీసుకోండి, 7.2 వోల్టులు. ఛార్జర్ నుంచి తీసిన వెంటనే సెల్‌కి 1.4 చొప్పున దాదాపు 8.4 వరకు చూపిస్తుంది. ఫుల్‌గా ఉన్న 2ఎస్ లైపో కూడా 8.4 వోల్టులే. మోటార్‌కి పెద్ద తేడా తెలియదు. బరువు మాత్రం తేడా తెలుస్తుంది. ఎన్ఐఎంహెచ్ ప్యాక్ బరువెక్కువ, స్ట్రైఫ్ ట్రేలో పట్టదు. మేము వెనక స్టాక్‌లో, అంటే భుజానికి ఆనించే భాగంలో పెట్టుకున్నాం.

ఛార్జర్ మాత్రం ఎన్ఐఎంహెచ్ కోసం చేసినదై ఉండాలి. నిండగానే ఈ సెల్స్ వోల్టేజీ కొంచెం కిందికి జారుతుంది, మంచి ఛార్జర్ దాన్ని గుర్తుపట్టి ఆగుతుంది. టైమర్ మీదే నడిచే చవక ఛార్జర్లు సగం నిండిన ప్యాక్‌ని కూడా అదే పనిగా వాయిస్తాయి.

---

గగనవిహారి

ఛార్జర్ మాట వచ్చింది కాబట్టి ఇది పెద్ద అక్షరాల్లో చదవండి. ఇప్పుడొచ్చే చాలా ఛార్జర్లలో లైపో మోడ్, ఎన్ఐఎంహెచ్ మోడ్ రెండూ ఉంటాయి. లైపోని పొరపాటున ఎన్ఐఎంహెచ్ మోడ్‌లో పెట్టారంటే ఛార్జర్ ఆ వోల్టేజీ జారుడు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. లైపోలో అది రాదు. 4.2 దాటి ఎక్కిస్తూనే పోతుంది. మంటలు రావడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. ఇంట్లో రెండు రకాల ప్యాక్‌లూ ఉంటే రెండు వేరు ఛార్జర్లు, వాటి మీద పెద్దగా రాసిన స్టిక్కర్లు, రెండు రకాల కనెక్టర్లు పెట్టుకోండి. ఒకదానిది ఇంకోదానిలో దూరకూడదు.

---

రాగితీగ

మొన్న వదిలేసిన వైరింగ్ సంగతి.

స్ట్రైఫ్ విప్పితే లోపల సన్నని వైర్లు కనిపిస్తాయి. మోటార్ దగ్గర నాణెంలాంటి చిన్న బిళ్ల ఉంటుంది, అది థర్మిస్టర్. కరెంట్ ఎక్కువై వేడెక్కితే రెసిస్టెన్స్ పెంచి మోటార్‌ని తగ్గించేస్తుంది. బొమ్మకి కంపెనీ పెట్టిన కాపలా అది. మోడ్ చేసేవాళ్లందరూ మొదట పీకేసేది దాన్నే. పీకకపోతే కొత్త మోటార్లు సరిగ్గా పనిచేయవు, నిజమే. కానీ కాపలా తీసేశాక దాని స్థానంలో ఇంకోటి పెట్టాలి. నేను కార్లలో వాడే బ్లేడ్ ఫ్యూజ్ 30 ఆంపియర్లది బ్యాటరీ కనెక్టర్‌కి వీలైనంత దగ్గరగా పెడతాను. ట్రిగ్గర్ నొక్కినప్పుడు అర సెకను 40 వచ్చినా అది తట్టుకుంటుంది. వైరు ఎక్కడైనా షార్ట్ అయితే క్షణంలో పోతుంది.

వైర్లు 16 గేజ్ లేదా 18 గేజ్ సిలికాన్ ఇన్సులేషన్‌వి. స్విచ్ మార్చాలి, 20 ఆంపియర్లకి తగ్గని మైక్రో స్విచ్ అయినా ఉండాలి, లేదా మాస్‌ఫెట్ (పెద్ద కరెంట్‌ని మోసే ఎలక్ట్రానిక్ స్విచ్) బోర్డు పెట్టి చిన్న స్విచ్‌తో దాన్ని నడిపించాలి. నాకు మాస్‌ఫెట్ ఇష్టం. పెద్ద కరెంట్ స్విచ్ గుండా వెళ్లదు కాబట్టి స్విచ్ లోపలి పలకలు నిప్పురవ్వలకి అతుక్కుపోవు. స్విచ్ అతుక్కుపోతే ఏమవుతుందో ఊహించండి, ట్రిగ్గర్ వదిలినా మోటార్లు ఆగవు.

డార్ట్ ఇరుక్కున్నప్పుడు కూడా ఇదే గుర్తుంచుకోండి. వీల్స్ తిరగకుండా ఆగిపోయాయంటే మోటార్ స్టాల్‌లో ఉన్నట్టు. అర సెకను రావాల్సిన 40 ఆంపియర్లు మీరు ట్రిగ్గర్ పట్టుకున్నంతసేపూ వస్తాయి. వీల్స్ శబ్దం ఆగగానే వేలు తీసేయండి, బ్యాటరీ పీకండి, ఆ తర్వాతే డార్ట్ లాగండి. పిల్లాడికి అన్నిటికంటే ముందు నేర్పాల్సింది ఇదే.

కనెక్టర్ మార్చాల్సి వస్తే ఒక జాగ్రత్త. బ్యాటరీ ఎర్ర వైరు, నల్ల వైరు రెండూ కలిపి ఒకేసారి కట్టర్‌తో కత్తిరిస్తే కట్టర్ పదునే రెండింటినీ కలిపి షార్ట్ చేస్తుంది. పెద్ద నిప్పురవ్వ లేచి కట్టర్ అంచులో అర్ధచంద్రాకారపు గుంట పడుతుంది. ముందు ఒక్క వైరే కత్తిరించండి. దానికి సోల్డర్ చేసి, ష్రింక్ ట్యూబ్ ఎక్కించి, చల్లారాక రెండోది. వీలైతే మీకు కావాల్సిన కనెక్టర్‌తోనే వచ్చే ప్యాక్ కొనండి, ఈ పనే ఉండదు. ఎక్స్‌టీ60 కనెక్టర్ 60 ఆంపియర్లు మోస్తుంది, తిరగేసి పెడదామన్నా దూరదు. నేను ఇంకేదీ వాడను.

---

స్ప్రింగ్‌వీరుడు

వాసు గారూ, పిల్లాడి కోసం ఇంకో దారి. వాడికి స్ప్రింగ్ బ్లాస్టర్ ఇవ్వండి. లాగి వదలడమే, బ్యాటరీ ప్రశ్నే లేదు. స్ప్రింగ్ మారిస్తే మంచి దూరం కూడా వెళ్తుంది. ఏ బ్లాస్టర్ అయినా కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి, మోడ్ చేశాక డార్ట్ వేగం బొమ్మ వేగంలా ఉండదు.

---

పాతసామాను

నాది చిన్న సందేహం. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి అందులోని 18650 అనే లిథియం సెల్స్ రెండు తీసి ప్యాక్ చేసుకుంటే? స్టీల్ డబ్బావే, సామర్థ్యం కూడా ఎక్కువ.

---

గగనవిహారి

వద్దు. 18650 మంచి సైజే, కానీ ల్యాప్‌టాప్‌లో ఉండేవి నెమ్మదిగా, గంటల తరబడి కరెంట్ ఇవ్వడానికి చేసినవి. పైగా ఎన్నేళ్లు వాడారో, ఏ వేడిలో ఉన్నాయో ఎవరికీ తెలియదు.

కొత్తవి, ఎక్కువ కరెంట్ ఇచ్చేవి వేరే ఉన్నాయి. ఉదాహరణకి శామ్‌సంగ్ 25ఆర్ 2500 ఎంఏహెచ్ సెల్, నిలకడగా 20 ఆంపియర్లు ఇస్తుంది. మధ్యస్థంగా ఉండే మోటార్లకి రెండు సిరీస్‌లో పెడితే బాగా నడుస్తాయి. అయితే నకిలీలు ఎక్కువ. 18650 డబ్బాలో నిజంగా పట్టేది చాలావరకు 3500, 3600 ఎంఏహెచ్ దగ్గరే. 9900 అని రాసి ఉంటే అది అబద్ధం. చేతిలో పెట్టి చూసినా తెలిసిపోతుంది. అసలు సెల్ 45 గ్రాములకి అటూఇటూ ఉంటుంది. బాగా తేలిగ్గా ఉంటే లోపల ఏముందో దేవుడికే తెలియాలి.

ఈ సెల్ పైభాగాన్ని ఒకసారి దగ్గరగా చూడండి. మధ్యలో చిన్న బొడిపె పాజిటివ్. దాని చుట్టూ కాగితం రింగ్. ఆ రింగ్ అవతల ఉన్న అంచు నుంచి కింది దాకా డబ్బా మొత్తం నెగటివ్. రెండింటికీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్లే. పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు ఆ అంచు దగ్గర చిరిగితే చిన్న వైరు ముక్క తగిలినా షార్టే. తొడుగు చిరిగిన సెల్ వాడకండి. సెల్ మీద నేరుగా సోల్డర్ కూడా పెట్టకండి, ఆ వేడి లోపలికి దిగుతుంది. నికెల్ పట్టీతో స్పాట్ వెల్డ్ చేయాలి. ఆ మెషీన్ లేనివాళ్లు ఈ దారికి రాకపోవడమే మంచిది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ గురించి ఎవరూ అడగలేదు, నేనే చెబుతా. సెల్‌కి 3.2 వోల్టులు, రెండు కలిపితే 6.4. లైపోలా తేలిగ్గా మంటల్లోకి వెళ్లని రసాయనం. కాస్త తక్కువ వేగంతో సరిపెట్టుకునేవాళ్లకి నిజంగా మంచిది. కానీ బ్లాస్టర్‌లో పట్టే సైజు ప్యాక్‌లు తక్కువ. ఛార్జర్‌లో దానికి వేరే మోడ్ ఉంటుంది, 3.65 దగ్గర ఆగాలి.

---

మెరుపుడార్ట్

సరే, నేనూ లైపో చూద్దామనుకుంటున్నా. రోజూ వాడేవాళ్లు ఛార్జింగ్ ఎలా చేస్తారో మొదటి నుంచి చెప్పండి. ఎక్కడ చూసినా భయపెట్టడమే గానీ పద్ధతి చెప్పేవాళ్లు లేరు.

---

గగనవిహారి

నేను చేసేది చెబుతా.

ముందు ప్యాక్‌ని చేతిలోకి తీసుకుని నాలుగు వైపులా చూస్తా, వేలితో తడుముతా. ఉబ్బు, గుంట, తీపి వాసన ఏదైనా ఉంటే ఛార్జర్ దగ్గరికే తీసుకెళ్లను. ఆట నుంచి వచ్చిన వెంటనే పెట్టను, మామూలు గది వేడికి చల్లారాలి. బాగా చలిగా ఉన్న ప్యాక్ కూడా అంతే, సున్నా డిగ్రీల కంటే కింద ఉంటే ఛార్జ్ చేయకూడదు, లోపల లిథియం లోహంలా పేరుకుంటుంది.

తర్వాత మెయిన్ కనెక్టర్, బ్యాలెన్స్ కనెక్టర్ రెండూ తగిలిస్తా. 2ఎస్‌కి బ్యాలెన్స్ ప్లగ్‌లో మూడు పిన్నులుంటాయి. అది లేకుండా ఛార్జ్ చేస్తే రెండు సెల్స్ మొత్తం 8.4 అయిందా లేదా అనే ఛార్జర్ చూస్తుంది. ఒకటి 4.0, ఇంకోటి 4.4 అయినా దానికి తెలియదు. కరెంట్ 1సి పెడతా, అంటే 1300 ఎంఏహెచ్‌కి 1.3 ఆంపియర్లు. గంట పైచిలుకు పడుతుంది. తొందరగా కావాలని పెంచను.

స్థలం సిమెంట్ నేల లేదా టైల్స్ మీద. చుట్టూ పరదా, కాగితాలు, మంచం ఏవీ ఉండవు. లైపో బ్యాగ్ వాడతా గానీ అది మంటని పూర్తిగా ఆపుతుందని నమ్మను, కొంత సమయం ఇస్తుంది అంతే. ఇంకో గదికి వెళ్లను, నిద్రపోను. పొగ వస్తే ముందు పవర్ కట్, మనుషులు బయటికి, ఆ పొగ పీల్చకూడదు. లైపోలో లోహ రూపంలో లిథియం ఉండదు కాబట్టి పుష్కలంగా నీళ్లు పోయడం సరైనదే, ప్యాక్ చల్లబడాలి. చుట్టూ ఇంకేమైనా అంటుకుంటే ఫైర్ వాళ్లకి ఫోన్ చేయాలి.

ఆడేటప్పుడు బ్యాలెన్స్ ప్లగ్‌కి చిన్న వోల్టేజీ అలారం తగిలిస్తా, సెల్‌కి 3.5 దగ్గర మోగేలా. మోగితే ఆట ఆపేస్తా, ఇంకో మ్యాగజైన్ అన్న మాటే లేదు. ఇంటికొచ్చాక అలారం పీకేస్తా. అది కూడా కొద్దికొద్దిగా కరెంట్ తాగుతుంది, వారాల పాటు వదిలేస్తే అదే ప్యాక్‌ని చంపేస్తుంది. కొన్నాళ్లు వాడనప్పుడు ఫుల్ ఛార్జ్‌తో గానీ ఖాళీగా గానీ ఉంచను. ఛార్జర్‌లో స్టోరేజ్ మోడ్ ఉంటుంది, సెల్‌కి 3.8 చుట్టూ ఆపుతుంది.

---

అమ్మూస్‌డార్ట్స్

ఉబ్బిన ప్యాక్‌ని ఏం చేయాలో కూడా చెప్పండి. ఉప్పు నీళ్లలో వేయమని చాలా చోట్ల చదివాను.

---

రాగితీగ

ఉప్పు నీళ్లు వద్దండి. సెల్ ఖాళీ అయ్యేలోపే కనెక్టర్లు, ట్యాబ్‌లు తుప్పుపట్టి తినేస్తాయి. బయటికి చచ్చినట్టు కనిపిస్తుంది, లోపల ఛార్జ్ అలాగే ఉండిపోతుంది. కొంచెం ఉబ్బినదైతే ఆరుబయట సిమెంట్ నేల మీద పెట్టి, చిన్న బల్బ్ తగిలించి నెమ్మదిగా సున్నాకి దింపండి. బాగా ఉబ్బినా, చిల్లు పడినా దాన్ని ముట్టుకుని పనులు చేయకండి. మూతలేని లోహపు డబ్బాలో ఇసుక పోసి అందులో ఉంచి, బ్యాటరీలు తీసుకునే ఈ-వేస్ట్ కేంద్రానికి తీసుకెళ్లండి. కనెక్టర్‌కి టేప్ చుట్టండి. మామూలు చెత్తబుట్టలో మాత్రం వేయొద్దు, చెత్త లారీలో నలిగిన చోటే అంటుకుంటుంది.

---

నిర్వాహక బృందం

3ఎస్ బ్యాటరీతో పాత మోటార్లు నడపడం గురించి వచ్చిన ప్రశ్నని వేరే అంశంగా మార్చాం. ఇక్కడ 2ఎస్ స్థాయి బ్లాస్టర్ల బ్యాటరీల గురించే కొనసాగించండి.

---

వాసు_ఫ్లైవీల్

ఒక నిర్ణయానికి వచ్చాను, ఏదైనా తేడా ఉంటే చెప్పండి.

అబ్బాయికి వేరే బ్లాస్టర్, పాత మోటార్లతోనే, డబుల్ ఏ ఎన్ఐఎంహెచ్ సెల్స్ నాలుగు పెట్టి. వాటి ఛార్జర్ హాల్లో ఉంటుంది. నా స్ట్రైఫ్‌కి 2ఎస్ 1300 ఎంఏహెచ్ లైపో, ఎక్స్‌టీ60, 16 గేజ్ వైర్లు, మాస్‌ఫెట్, ఫ్యూజ్. లైపోలు, వాటి ఛార్జర్ తాళం వేసిన అల్మారాలో. వైరింగ్ పూర్తయ్యేదాకా లైపో కొనను.

రెండు ప్రశ్నలు మిగిలాయి. ట్రేలో ప్యాక్ కొంచెం బిగుతుగా ఉంటుందేమో, ఏం చేయాలి? విమానంలో తీసుకెళ్లొచ్చా?

---

రాగితీగ

బిగుతుగా ఉంటే మూతని నొక్కి స్క్రూ వేయకండి. ట్రే లోపల సెల్స్‌ని పట్టుకోవడానికి ప్లాస్టిక్ పక్కటెముకల్లాంటి గట్లు ఉంటాయి, వాటి అంచులు పదును. అన్నిటినీ కోసి, నున్నగా గీకి, వేలు పెట్టి ఎక్కడా గుచ్చుకోవడం లేదని చూసుకున్నాక పల్చని ఫోమ్ అతికించండి. అప్పుడు ప్యాక్ చేతితో సులువుగా లోపలికి జారాలి, సులువుగా బయటికి రావాలి. బలవంతంగా లాగితే తప్ప రాదంటే చిన్న ప్యాక్ తీసుకోండి లేదా స్టాక్‌లోకి మార్చండి. బ్యాలెన్స్ వైరుని మోటార్ వైపు వేలాడనివ్వకండి.

ఆట అయిపోగానే ప్యాక్ బయటికి తీయండి. బ్యాగులో పెట్టినప్పుడు ఏదో ఒకటి ట్రిగ్గర్‌కి ఒత్తుకుంటే మోటార్లు లోపల తిరుగుతూనే ఉంటాయి, అలారం శబ్దం కూడా ఎవరికీ వినపడదు.

---

గగనవిహారి

విమానం సంగతి. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు, చేతి బ్యాగులోనే. 100 వాట్ అవర్ల లోపువాటికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. మీది 7.4 ఇంటూ 1.3, పది వాట్ అవర్లు కూడా లేదు. కనెక్టర్‌కి టేప్ వేసి, ఒక్కో ప్యాక్ ఒక్కో కవర్లో పెట్టండి. బ్లాస్టర్‌ని మాత్రం బ్యాటరీ తీసేసి చెక్-ఇన్‌లో వేయండి, తుపాకీ ఆకారంలో ఉన్న బొమ్మని క్యాబిన్‌లోకి రానివ్వరు. బయల్దేరే ముందు ఎయిర్‌లైన్స్ వాళ్ల పేజీ చూసుకోండి.

మీ ప్లాన్‌లో నేను కలిపేది ఒక్కటే. ప్యాక్ కొత్తగా రాగానే సెల్ సెల్‌కీ రెసిస్టెన్స్ ఎంతుందో ఛార్జర్‌లో చూసి, ప్యాక్ మీదే మార్కర్‌తో రాసిపెట్టండి. తర్వాత అప్పుడప్పుడు చూడండి. ఒక సెల్ రెండోదాని కంటే రెట్టింపు చూపించడం మొదలుపెడితే ఉబ్బేదాకా ఆగకుండా దాన్ని పక్కన పెట్టేయండి.

---

వాసు_ఫ్లైవీల్

రాసిపెట్టుకున్నా. ఈ వారాంతం వైర్లు మారుస్తాను, ఫొటోలు ఇక్కడే పెడతా. రాగితీగ అన్నా, మూత బిగించేముందు సోల్డర్ ఒకసారి చూసి చెప్పాలి.

---

రాగితీగ

పెట్టండి తమ్ముడూ. ఫ్యూజ్ హోల్డర్, మాస్‌ఫెట్ కాళ్లు రెండూ దగ్గర నుంచి కనిపించేలా తీయండి.